ఆర్వీ లాగడానికి డీజిల్ ట్రక్కు: రామ్, ఫోర్డ్, డ్యూరామాక్స్‌లలో ఏది తీసుకోవాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. ఫ్రిస్కోలో ఉంటున్నారు. 13,500 పౌండ్ల రేటింగ్ ఉన్న ఫిఫ్త్ వీల్ ఆర్వీ (ట్రక్కు వెనక తొట్టెలో, అంటే బెడ్‌లో, తగిలించి లాగే ఇల్లులాంటి ట్రైలర్) ఒకటి చూసి పెట్టుకున్నారు. వేసవిలో ఖమ్మం నుంచి అమ్మానాన్న వచ్చినప్పుడు అందరూ కలిసి కొలరాడో వెళ్లాలని మీ ప్లాన్. మిగతా రోజుల్లో అదే ట్రక్కులో తొమ్మిది మైళ్ల దూరంలో ఉన్న ఆఫీసుకు వెళ్తారు. రామ్ 2500 కమిన్స్, ఫోర్డ్ ఎఫ్-250 పవర్ స్ట్రోక్, షెవీ సిల్వరాడో 2500 డ్యూరామాక్స్, ఈ మూడింటిలో ఏ ఇంజిన్ నమ్మకమైనది, ఏది కూర్చోవడానికి హాయిగా ఉంటుంది అని అడిగారు.

జవాబు ముందే చెప్పేస్తాను. మీ వాడకానికి జనరల్ మోటార్స్ (జీఎం) 3500 సింగిల్ రియర్ వీల్ (వెనక ఇరుపక్కలా ఒక్కో టైరే ఉండేది), 6.6 లీటర్ల డ్యూరామాక్స్. షెవీ సిల్వరాడో అయినా, జీఎంసీ సియెర్రా అయినా కింద ఉండేది ఒకటే. అది నచ్చకపోతే ఫోర్డ్ ఎఫ్-350. రామ్ మీదే మనసుంటే రామ్ 3500, అది కూడా 2025 లేదా ఆ తర్వాతి మోడల్. మీరు 2500 అడిగితే నేను మూడు చోట్లా ఒక మెట్టు పైన 3500 (ఫోర్డ్‌లో ఎఫ్-350) అంటున్నాను. కారణం చెప్తాను, ఎందుకంటే అసలు తేడా అంతా అక్కడే ఉంది.

నా సంగతి రెండు ముక్కల్లో: చేయి తిరిగింది విజయవాడ ఆటోనగర్‌లో, లేలాండ్ లారీల కింద పడుకుని. టెక్సస్ వచ్చాక కొన్నేళ్లు ఒక డీలర్ సర్వీస్‌లో పనిచేసి, తర్వాత సొంతంగా డీజిల్ షాపు పెట్టుకున్నాను. మూడు కంపెనీల బళ్లూ వస్తాయి. నాకు ఏ కంపెనీ మీదా ప్రేమ లేదు, పగ లేదు. మూడూ నాకు అన్నం పెడుతున్నవే.

ముందు బరువు లెక్క

డీలర్ దగ్గర అందరూ "ఇది ఎంత లాగుతుంది" అని అడుగుతారు. సేల్స్‌మన్ ఇరవై వేల పౌండ్లు అంటాడు. అది అబద్ధం కాదు, కానీ మీకు పనికొచ్చే అంకె అది కాదు. ఫిఫ్త్ వీల్‌కు ఉన్న చిక్కు ఏమిటంటే దాని ముందు భాగం బరువు నేరుగా ట్రక్కు బెడ్ మీద, వెనక ఇరుసు మీద కూర్చుంటుంది. దాన్ని పిన్ వెయిట్ అంటారు. మామూలుగా ట్రైలర్ మొత్తం బరువులో 20 నుంచి 25 శాతం ఉంటుంది. 13,500లో 20 శాతం పట్టుకున్నా 2,700 పౌండ్లు. దానికి హిచ్ (ట్రైలర్‌ను ట్రక్కుకు తగిలించే కొక్కెం) బరువు ఒక 150, 200 కలపండి. మీరిద్దరు, పిల్లలు, పెద్దవాళ్లిద్దరు, బెడ్‌లో పడేసే కూలర్లు, పనిముట్లు, అమ్మగారు వద్దన్నా పెట్టే పచ్చడి జాడీలు అన్నీ కలిపితే ఇంకో ఎనిమిది వందలు. మొత్తం 3,700 దగ్గర తేలుతుంది.

ఇప్పుడు డీలర్ లాట్‌లోకి వెళ్లి డ్రైవర్ తలుపు తీసి, పక్కన అంటించిన పసుపు, తెలుపు స్టిక్కర్ చదవండి. మనుషులు, సామాను కలిపి ఇంతకు మించకూడదు అని ఒక అంకె ఉంటుంది. అదే మీ పేలోడ్. డీజిల్ ఇంజిన్, క్రూ క్యాబ్, ఫోర్ బై ఫోర్, సన్‌రూఫ్, తోలు సీట్లు అన్నీ ఉన్న 2500 తరగతి ట్రక్కుల మీద ఆ అంకె తరచుగా రెండు వేలకూ మూడు వేలకూ మధ్య ఉంటుంది. డీజిల్ ఇంజినే బరువు, దానివల్లే పేలోడ్ తగ్గుతుంది. కమిన్స్ ఉన్న రామ్ 2500లో ఈ ఇబ్బంది మరీ ఎక్కువ. అదే 3500 లేదా ఎఫ్-350 సింగిల్ రియర్ వీల్‌లో నాలుగు వేల చుట్టుపక్కల దొరుకుతుంది. ధరలో తేడా చాలా కొద్ది. కొలతల్లో రెండూ దాదాపు ఒకటే, పార్కింగ్‌లో కూడా ఏం మారదు. అందుకే ఫిఫ్త్ వీల్ అనగానే నేను 2500 మాట ఎత్తను.

వెనక నాలుగు టైర్లుండే డ్యూయల్లీ మీకు అక్కర్లేదు. ఆఫీసు పార్కింగ్ గరాజులో అది పట్టదు, కార్ వాష్‌లో పట్టదు. మీ ఆర్వీ బరువు దానికి తగ్గంత లేదు కూడా.

ఇంకో విషయం. టెక్సస్‌లో మామూలు క్లాస్ సీ లైసెన్స్ మీద ట్రక్కు రేటింగ్, ట్రైలర్ రేటింగ్ కలిపి 26,000 పౌండ్లు దాటకూడదు. దాటితే సొంత వాడకానికైనా నాన్-కమర్షియల్ క్లాస్ ఏ తీసుకోవాలి. మీ 13,500కు ట్రక్కు రేటింగ్ కలిపితే అంచు మీద ఆగుతుంది. సంతకం పెట్టే ముందు రెండు స్టిక్కర్ల మీద ఉన్న జీవీడబ్ల్యూఆర్ (సామానుతో కలిపి నిండు బరువు పరిమితి) అంకెలు కూడి చూసుకోండి.

ఇక ఇంజిన్ల సంగతి

"కమిన్స్ అంటే పది లక్షల మైళ్లు", "ఫోర్డ్ డీజిల్ జోలికి పోవద్దు" లాంటి మాటలు మీరు వినే ఉంటారు. ఈ మాటలు పుట్టిన ఇంజిన్లు వేరు, ఇప్పుడు షోరూములో ఉన్న ఇంజిన్లు వేరు. కమిన్స్‌కు ఆ పేరు తెచ్చింది 1989లో డాడ్జ్‌లో మొదలైన 5.9 లీటర్ల ఇంజిన్, అందులోనూ 1994 నుంచి 1998 దాకా వచ్చిన 12 వాల్వులది. అంతా మెకానికల్ పంపు. కంప్యూటర్ లేదు, పొగ ఫిల్టర్ లేదు, పొగను శుభ్రం చేయడానికి ఎగ్జాస్ట్‌లో చల్లే యూరియా ద్రవం (డీఈఎఫ్) లేదు. డెంటన్ దగ్గర గుర్రాలు పెంచే ఒకాయన ఇప్పటికీ అలాంటిది తీసుకొస్తాడు. డోర్లు తుప్పు పట్టాయి, సీటులో స్పాంజి బయటికొచ్చింది, ఇంజిన్ మాత్రం అలాగే ఉంది.

ఫోర్డ్‌కు చెడ్డ పేరు తెచ్చింది 2003లో వచ్చిన 6.0 లీటర్ల ఇంజిన్. ఆయిల్ కూలర్ పూడుకుపోయి, ఈజీఆర్ కూలర్ (ఇంజిన్‌లోకి తిరిగి పంపే ఎగ్జాస్ట్‌ను చల్లబరిచేది) పగిలి, హెడ్ గ్యాస్కెట్ లేచిపోయేది. దాని తర్వాత 2008లో వచ్చిన 6.4 కూడా అంతంత మాత్రమే. ఆ రెండూ నావిస్టార్ చేసిచ్చినవి. 2011 నుంచి ఫోర్డ్ తన సొంత 6.7 పెట్టింది. పాత వాటికీ దీనికీ సంబంధం లేదు. మొదటి మూడు నాలుగేళ్ల మోడళ్లలో టర్బో చిన్నదై ఇబ్బంది పెట్టింది, 2015లో మార్చారు.

డ్యూరామాక్స్ 2001లో జీఎం, ఇసుజు కలిసి మొదలుపెట్టారు. మొదటి ఎల్‌బీ7 ఇంజిన్లలో ఇంజెక్టర్లు పోయేవి. అవి వాల్వ్ కవర్ల కింద ఉండటంతో మార్చడమంటే పెద్ద పని. 2006, 2007 నాటి ఎల్‌బీజెడ్ మాత్రం బంగారం. ఇప్పుడు వస్తున్నది 2017లో మొదలైన ఎల్5పీ.

ఇదంతా చరిత్ర. ఇవాళ కొనేవాడికి అడగాల్సిన మొదటి ప్రశ్న ఒకటే: హై ప్రెషర్ ఫ్యూయల్ పంపు ఏది?

బాష్ వాళ్ల సీపీ4 అనే పంపు ఉంది. రెండు ప్లంజర్లు, ఒక క్యామ్ షాఫ్ట్, వాటి మధ్య రోలర్. ఆ రోలర్ క్యామ్ మీద తిన్నగా దొర్లాలి. ఇంధనంలో కందెన గుణం తక్కువైనా, నీళ్లు కలిసినా, గాలి చొరబడినా రోలర్ పక్కకు తిరిగి క్యామ్‌ను గీకడం మొదలుపెడుతుంది. ఆ ఇనుప పొడి ఫ్యూయల్ రైల్ (ఇంజెక్టర్లకు డీజిల్ పంచే గొట్టం) లోకి, ఇంజెక్టర్లలోకి, తిరిగి ట్యాంకులోకి పోతుంది. అప్పుడు పంపు ఒక్కటి మారిస్తే లాభం లేదు, ఇంధనం తిరిగే దారి అంతా మార్చాలి. బిల్లు పది వేల డాలర్ల పైమాటే. అమెరికా డీజిల్ కందెన గుణం ప్రమాణం యూరప్ కంటే సడలింపుగా ఉంటుంది. అరుగుదల పరీక్షలో అక్కడ 460 మైక్రాన్లు మించకూడదంటే ఇక్కడ 520 వరకు ఒప్పుకుంటారు. యూరప్ డీజిల్‌కు తగ్గట్టు చేసిన పంపును ఇక్కడ పెడితే ఎక్కువగా అరిగిందని నా అభిప్రాయం.

ఈ పంపు ఎక్కడెక్కడ ఉందో చూడండి. 2011 నుంచి 2016 దాకా డ్యూరామాక్స్ ఎల్ఎమ్ఎల్‌లో ఉంది, పైగా వాటికి ట్యాంకు నుంచి డీజిల్ పంపే లిఫ్ట్ పంపు కూడా లేదు, పంపే పీల్చుకోవాలి. 2017లో ఎల్5పీకి డెన్సో పంపు పెట్టి, ట్యాంకులో లిఫ్ట్ పంపు ఇచ్చారు. ఆ రోజు నుంచి ఈ గొడవ డ్యూరామాక్స్‌కు తీరింది. రామ్ 2019, 2020 మోడళ్లలో సీపీ4 పెట్టింది. 2021 చివర్లో రెండు లక్షల ఇరవై వేలకు పైగా ట్రక్కులు రీకాల్ చేసి పాత సీపీ3కి మార్చారు. సీపీ3 మొండిది, సులువుగా చావదు. ఫోర్డ్ 6.7లో మాత్రం మొదటి నుంచీ సీపీ4. ఫోర్డ్‌లో లిఫ్ట్ పంపు, రెండు ఫిల్టర్లు ఉండటంతో అంత తరచుగా పోదు. అయినా పోయినప్పుడు బిల్లు మాత్రం అదే. నా కస్టమర్లలో ఫోర్డ్ ఉన్నవాళ్లకు బైపాస్ కిట్ వేయించుకోమంటాను. పంపు చచ్చినా పొడి ఇంజెక్టర్లలోకి పోకుండా తిరిగి ట్యాంకు ఫిల్టర్ వైపు తిప్పేస్తుంది. కొన్ని వందల డాలర్ల ఖర్చుతో పెద్ద బిల్లు తప్పుతుంది.

రామ్‌కు ఉన్న రోగం ఇంకొకటి. 2007 మధ్య నుంచి 2024 దాకా 6.7 కమిన్స్‌లో చలికి గాలి వేడెక్కించే గ్రిడ్ హీటర్ ఉంటుంది. దాని బోల్టు కరెంటు వేడికి కాలీ కాలీ విరిగి ఇంటేక్‌లో పడుతుంది. ఆరో సిలిండర్‌లోకి పోయిందంటే పిస్టన్ పనైపోయినట్టే. అందరికీ అవుతుందని కాదు, కానీ అయినవాళ్లను చూశాను. 2025 మోడల్‌లో ఆ హీటర్ తీసేసి గ్లో ప్లగ్గులు పెట్టారు. అదే ఏడాది 2500లో పేరుమోసిన బలహీనమైన 68ఆర్ఎఫ్ఈ ఆరు గేర్ల ట్రాన్స్‌మిషన్‌ను కూడా తీసి జెడ్ఎఫ్ ఎనిమిది గేర్లది పెట్టారు. రామ్ అయితే 2025 అని నేను పట్టుబట్టేది ఈ రెండింటికే. 2019 నుంచి వచ్చిన హైడ్రాలిక్ లిఫ్టర్లు అక్కడక్కడ అరుగుతున్నాయి. అందుకే ఆ ఇంజిన్‌లో ఆయిల్ విషయంలో పిసినారితనం పనికిరాదు. పాత 2013-2019 రామ్ కొంటే ఎమిషన్ సాఫ్ట్‌వేర్ రీకాల్ అయిందో లేదో కూడా చూడాలి. 2023 చివర్లో కమిన్స్ 167.5 కోట్ల డాలర్ల జరిమానాకు ఒప్పుకుంది ఆ వ్యవహారంలోనే.

డ్యూరామాక్స్ మచ్చలేనిదని చెప్పడం లేదు. ఎల్5పీలో ఇంజిన్ కంటే దాని చుట్టూ ఉన్నవే ఇబ్బంది పెడతాయి: నాక్స్ (ఎగ్జాస్ట్‌లోని నైట్రోజన్ ఆక్సైడ్ వాయువులు) సెన్సర్లు, డీఈఎఫ్ ట్యాంకు హీటర్, అప్పుడప్పుడు వాటర్ పంపు లీకు. ఇక 2020-2022 డీజిల్‌లలో పది గేర్ల ట్రాన్స్‌మిషన్ లోపల ఒక కంట్రోల్ వాల్వు అరిగి, వెనక చక్రాలు ఒక్క క్షణం బిగుసుకుపోయే ప్రమాదం ఉందని 2024లో నాలుగున్నర లక్షలకు పైగా బళ్లను వెనక్కి పిలిచారు. వాడింది కొంటే ఆ రీకాల్ పని పూర్తయిందా అని విన్ (బండి గుర్తింపు) నంబరుతో ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ (అమెరికా రోడ్డు భద్రతా సంస్థ) సైటులో చూసుకోండి. రెండు నిమిషాల పని.

ఫోర్డ్‌లో నేను ఎక్కువ చూసే పని అప్పర్ ఆయిల్ పాన్ లీకు. ప్రాణం తీసేది కాదు, కానీ విప్పడానికి కూలి ఎక్కువ.

హార్స్‌పవర్ పోలికలు మీకు అనవసరం. 2023 నుంచి ఫోర్డ్ హై అవుట్‌పుట్ 500 హార్స్‌పవర్, 1,200 పౌండ్-ఫీట్ టార్క్ ఇస్తుంది. 2025 రామ్ 430, 1,075. డ్యూరామాక్స్ 470, 975. 13,500 పౌండ్లకు ఆ అన్నిటికంటే తక్కువ టార్క్ ఉన్నది కూడా ఎక్కువే. యూట్యూబ్‌లో కొండ ఎక్కే పందేలు చూసి నిర్ణయం తీసుకోకండి.

మీ తొమ్మిది మైళ్ల ఆఫీసు దారి

నిజానికి మీ ప్రశ్నలో నాకు టెన్షన్ పుట్టించింది కొలరాడో కొండలు కాదు, ఈ తొమ్మిది మైళ్లు.

2007 తర్వాతి డీజిళ్లకు పొగ మసిని పట్టే డీపీఎఫ్ ఉంటుంది. అది నిండగానే ఇంజిన్ దాన్ని బాగా వేడి చేసి మసిని కాల్చేస్తుంది. దాన్నే రీజెన్ అంటారు. దానికి హైవే మీద ఒక ఇరవై, ముప్పై నిమిషాలు స్థిరమైన వేగం కావాలి. ప్రెస్టన్ రోడ్డు మీద సిగ్నల్ సిగ్నల్‌కూ ఆగుతూ తొమ్మిది మైళ్లు పోయేసరికి ఇంజిన్ అప్పుడప్పుడే వేడెక్కుతుంది. రీజెన్ మొదలవుతుంది, మీరు పార్కింగ్‌లో ఆపేస్తారు. సాయంత్రం మళ్లీ అదే తంతు.

ఇక్కడ ఇంజిన్ల మధ్య ఒక తేడా ఉంది, సేల్స్‌మన్లు చెప్పరు. ఫోర్డ్, కమిన్స్ రీజెన్ కోసం అదనపు డీజిల్‌ను సిలిండర్‌లోనే, ఆలస్యంగా చల్లుతాయి. అందులో కొంత గోడల వెంట జారి ఆయిల్‌లో కలుస్తుంది. డ్యూరామాక్స్‌లో 2011 నుంచి ఎగ్జాస్ట్ పైపులో విడిగా తొమ్మిదో ఇంజెక్టర్ ఉంది, డీజిల్ అక్కడ పడుతుంది. ఆయిల్ పలచబడటం దీనిలో బాగా తక్కువ. మీలాంటి వాడకానికి నేను జీఎం అన్నదానికి సగం కారణం ఇదే.

మన తెలుగువాళ్లే ఒకాయన, పిల్లల్ని బడిలో దింపడానికి, కాస్ట్‌కోకి తప్ప ఎక్కడికీ తియ్యని ట్రక్కు తెచ్చారు. "ఆయిల్ తాగడం లేదండీ, పైగా పెరుగుతోంది" అని సంతోషంగా చెప్పారు. డిప్‌స్టిక్ తీసి వాసన చూస్తే సగం డీజిల్ కంపు. ఆయిల్ పెరిగిందంటే పండగ చేసుకోవాల్సింది కాదు, వెంటనే మార్చాల్సింది. ఆయన బేరింగులు బతికాయి, డీపీఎఫ్ మాత్రం బతకలేదు.

కాబట్టి రెండు మార్గాలు. ఆఫీసుకు వేరే చిన్న కారు పెట్టుకుని ట్రక్కును ప్రయాణాలకే ఉంచండి. లేదా వారానికి ఒకసారి షర్మన్ దాకా హైవే మీద తిప్పి తీసుకురండి. ఆయిల్ లైఫ్ మీటర్ ఏమన్నా సరే, ఇలాంటి వాడకంలో ఐదు, ఆరు వేల మైళ్లకు ఆయిల్ మార్చేయండి.

ఇంకో మాట కూడా అనాలి. ఏడాదికి ఒకటి రెండు ప్రయాణాలే అయితే, అవీ టెక్సస్ దాటకపోతే, అసలు డీజిల్ ఎందుకు? డీజిల్ ఇంజిన్‌కు పది వేల డాలర్లకు అటూ ఇటూగా అదనంగా పెట్టాలి. ఫోర్డ్ 7.3 పెట్రోల్ వీ8 మంచి మొండి ఇంజిన్, డీఈఎఫ్ గొడవ లేదు. కానీ మీరు కొలరాడో అంటున్నారు, అక్కడ కథ మారుతుంది.

కొండల మీద

మీ దారి విచిటా ఫాల్స్, అమరిల్లో, డాల్‌హార్ట్ మీదుగా రాటన్ పాస్‌కు పోతుంది. రాటన్ దాదాపు 7,800 అడుగుల ఎత్తు. ఐ-70 మీద ఐసెన్‌హోవర్ సొరంగం దాకా పోతే 11,000 దాటుతుంది. టర్బో లేని పెట్రోల్ ఇంజిన్ ప్రతి వెయ్యి అడుగులకూ సుమారు 3 శాతం శక్తి పోగొట్టుకుంటుంది. అంటే సొరంగం దగ్గర మూడో వంతు పోయినట్టే. టర్బో డీజిల్‌కు ఆ బాధ చాలా తక్కువ.

ఎక్కడం కంటే దిగడం ముఖ్యం. మూడు ట్రక్కుల్లోనూ టర్బో రెక్కల కోణం మార్చి ఎగ్జాస్ట్‌ను అడ్డుకుని బండిని పట్టి ఉంచే ఎగ్జాస్ట్ బ్రేక్ ఉంది. టో మోడ్, ఎగ్జాస్ట్ బ్రేక్ రెండూ వేసుకుంటే కాలి బ్రేకు అప్పుడప్పుడు తొక్కితే చాలు. పట్టు విషయంలో కమిన్స్ కాస్త ముందుంటుంది, మిగతా రెండూ సరిపోతాయి. ఊళ్లో ఖాళీగా తిరిగేటప్పుడు కూడా ఎగ్జాస్ట్ బ్రేక్ వాడుతుండండి. ఆ రెక్కలు కదులుతుంటేనే మసి పట్టి బిగుసుకుపోకుండా ఉంటాయి. ఇది నేను ప్రతి కొత్త ఓనరుకూ చెప్పే మాట.

అమరిల్లో ప్రాంతంలో గాలి మాత్రం ఏ ట్రక్కునూ లెక్కచెయ్యదు. గంటకు 65 దాటకండి. కొన్ని ట్రైలర్ టైర్లకు గరిష్ఠ వేగమే 65.

హాయి ఎందులో?

ఇక్కడ జవాబు సూటిగా ఉంది. ముందు చక్రాలకు విడివిడి సస్పెన్షన్ ఇచ్చింది జీఎం ఒక్కటే. ఫోర్డ్, రామ్ ఫోర్ బై ఫోర్‌లలో ముందు కూడా అడ్డంగా ఒకే ఇరుసు. గుంతలో ఒక చక్రం పడితే రెండో చక్రం కూడా ఊగుతుంది, ఆ కుదుపు స్టీరింగ్‌లో తెలుస్తుంది. ఆ ఇరుసుకు బలం ఎక్కువ, మంచులో స్నోప్లౌ పెట్టేవాళ్లకు, పొలంలో మొరటుగా వాడేవాళ్లకు అదే కావాలి. పైగా ఏ బుష్ అరిగినా, స్టీరింగ్ డ్యాంపర్ పోయినా హైవే మీద స్టీరింగ్ గజగజలాడే డెత్ వాబుల్ ఈ రకం ఇరుసులకే వస్తుంది. 2017-2019 ఫోర్డ్ ఓనర్లను అడగండి, చెప్తారు.

వెనక వైపు రామ్ 2500కు కాయిల్ స్ప్రింగులు, అందుకే ఖాళీగా పోయేటప్పుడు అది అందరికంటే మెత్తగా అనిపిస్తుంది. టెస్ట్ డ్రైవ్‌లో జనం పడిపోయేది దానికే. కానీ మీకు కావాల్సిన 3500లో రామ్ కూడా కమాన్ కట్టల మీదే నిలబడుతుంది. కావాలంటే వాటికి తోడు ఎయిర్ బ్యాగులు ఆప్షన్‌గా తీసుకోవచ్చు. ట్రైలర్ తగిలించగానే బండి దానంతటదే సమానమవుతుంది, ఆ ఆప్షన్ నాకు నచ్చుతుంది.

లోపలి విషయానికొస్తే రామ్ క్యాబిన్ తోలు, కుట్లు అన్నీ ముచ్చటగా ఉంటాయి. వాళ్ల మెగా క్యాబ్‌లో వెనక సీటు వెనక్కి వాలుతుంది. మీ నాన్నగారికి నడుం నొప్పి ఉంటే ఈ ఒక్క కారణానికి రామ్ వైపు మొగ్గినా నేను తప్పు పట్టను. ఫోర్డ్ వెనక సీటులో కాళ్లు చాపుకునే చోటు బోలెడు. సిల్వరాడో లోపల 2024కు ముందు చవకగా ఉండేది, ఆ ఏడాది పెద్ద తెరతో మొత్తం మార్చారు. నిశ్శబ్దంలో డ్యూరామాక్స్ ముందు. కమిన్స్ ఆరు సిలిండర్ల టకటక కొందరికి సంగీతం, వెనక సీటులో నిద్రపోదామనుకునే అమ్మగారికి కాదు.

ఇవన్నీ ఎత్తైన బళ్లు. పెద్దవాళ్లున్నారు కాబట్టి తలుపు తీయగానే కిందికి దిగే పవర్ స్టెప్పులు తప్పకుండా పెట్టించండి. ఏ తోలు సీటు కన్నా వాళ్లకు అదే ఉపయోగం.

టైర్ల గాలి గురించి ఎవరూ చెప్పరు. 3500 వెనక టైర్లకు స్టిక్కర్ మీద తరచుగా 80 పీఎస్ఐ ఉంటుంది, అది నిండు బరువుకు. ఖాళీగా తిరిగేటప్పుడు టైరు కంపెనీ లోడ్ పట్టిక చూసి తగ్గించుకోండి, ట్రైలర్ తగిలించే ముందు మళ్లీ నింపండి. "సస్పెన్షన్ బాగోలేదు" అని నా దగ్గరికి వచ్చిన కొత్త బళ్లలో కొన్నిటికి నేను చేసిన రిపేరు అదొక్కటే.

కొన్నాక చెయ్యాల్సినవి

ఫ్యూయల్ ఫిల్టర్లు మాన్యువల్ చెప్పిన దానికంటే కాస్త ముందే మార్చండి. వంద, నూట యాభై డాలర్లకు వెనకాడి పంపు పోగొట్టుకోకండి. రద్దీగా ఉండే ట్రక్ స్టాపుల్లోనే డీజిల్ పోయించండి. అమ్ముడుపోని బంకులో ట్యాంకు అడుగున నీళ్లు చేరుతాయి.

డీఈఎఫ్ నీలం మూత, డీజిల్ వేరే మూత. సరదాకి చెప్పడం లేదు, సాయం చేద్దామని మామగారు నీలం డబ్బా తెచ్చి డీజిల్ ట్యాంకులో పోసిన కేసు నా దగ్గరికి వచ్చింది. సెల్ఫ్ కొట్టకముందే ఫోన్ చేశారు కాబట్టి ట్యాంకు దించి కడిగితే సరిపోయింది. స్టార్ట్ చేసి ఉంటే పంపు నుంచి ఇంజెక్టర్ల దాకా అన్నీ మార్చాల్సి వచ్చేది. బీపీ బంకుల్లో పెట్రోల్ గన్నుకు పచ్చ రంగు ఉంటుంది, డీజిల్ అనుకుని అది పెట్టినవాళ్లూ ఉన్నారు. రంగు చూడకండి, రాసింది చదవండి. డీఈఎఫ్ డబ్బాలు కొనిపెట్టి టెక్సస్ ఎండల్లో గరాజులో నెలల తరబడి ఉంచొద్దు, వేడికి పాడవుతుంది.

"డీపీఎఫ్ పీకించేస్తే ఇవేవీ ఉండవు కదా" అని ఎవరో ఒకరు మీకు సలహా ఇస్తారు. ఫెడరల్ క్లీన్ ఎయిర్ చట్టం ప్రకారం అది చట్టవిరుద్ధం. వారంటీ పోతుంది, డీలర్ ఎక్స్చేంజికి తీసుకోడు. నేను చెయ్యను, చేసిన బండి కొనొద్దని కూడా చెప్తాను. మూడు కంపెనీలూ ఈ డీజిల్ ఇంజిన్లకు ఐదేళ్లు లేదా లక్ష మైళ్ల వారంటీ ఇస్తూ వచ్చాయి. దాన్ని చేజేతులా పోగొట్టుకోవడం దేనికి?

చివరగా బెడ్ సంగతి. ఎనిమిది అడుగుల బెడ్ ఫిఫ్త్ వీల్‌కు సుఖం, కానీ మీ ఇంటి గరాజులో పట్టదు. ఆరున్నర అడుగులది తీసుకుంటే ఇరుకు మలుపుల్లో ట్రైలర్ ముందు మూల క్యాబిన్ అద్దానికి తగలకుండా స్లైడింగ్ హిచ్ పెట్టించుకోండి. కొత్తది ఆర్డర్ పెడితే ఫిఫ్త్ వీల్, గూస్‌నెక్ ప్రెప్ ప్యాకేజీ (బెడ్‌లో హిచ్ బిగించడానికి ఫ్యాక్టరీలోనే చేసే ఏర్పాటు) ఆర్డర్‌లోనే ఉండాలి. తర్వాత బిగించాలంటే కొత్త బెడ్‌కు కన్నాలు వేయాల్సి వస్తుంది, కూలి కూడా ప్యాకేజీ ధర కంటే ఎక్కువవుతుంది. వాడిన బండి చూస్తే మోడల్ ఏడాది, మైళ్లు, తలుపు స్టిక్కర్ మీది పేలోడ్ అంకె ఇక్కడే రాయండి, చూసి చెప్తాను.